వేగం ఉంది, అదుపు లేదు – బేస్‌బాల్ పిచ్చర్‌ను ఎలా తీర్చిదిద్దుతారు?

మన హాస్టల్ వెనక గ్రౌండ్‌లో సాయంత్రం స్టడీ అవర్‌కు ముందు క్రికెట్ ఆడటం మా కాలం నుంచీ ఉన్నదే. పోయిన సంక్రాంతి సెలవులకు ముందు మేము హాస్టల్‌కు వచ్చినప్పుడు తొమ్మిదో తరగతి తమ్ముడొకడు బౌలింగ్ చేస్తున్నాడు. చెప్పుల్లేని కాళ్లతో నాలుగడుగులు పరుగెత్తి బంతి వేస్తే అది కంటికి ఆనడం లేదు. కానీ ఓవర్‌లో నాలుగు వైడ్లు. ఒక బంతి కీపర్ తల మీదుగా పోయి మెస్ గోడకు తగిలింది. "నెమ్మదిగా వెయ్యరా" అని ఒకరు, "చెయ్యి నిటారుగా ఎత్తు" అని ఒకరు, "కాలు చూసుకో" అని ఇంకొకరు. మేమూ ఊరుకోలేదు. ఎం.పి.ఎడ్. చదువుతున్నామన్న ధీమాతో ఆ ఒక్క సాయంత్రమే తొమ్మిదో పదో సలహాలు చెప్పాం.

మర్నాడు ఆ తమ్ముడు గ్రౌండ్‌కు రాలేదు. రెండో రోజు వచ్చి దూరంగా వేపచెట్టు దగ్గర ఫీల్డింగ్ నిలబడ్డాడు. బంతి చేతికిస్తే "వద్దన్నా, నాకు రాదు" అన్నాడు.

ఆ మాట మమ్మల్ని చాలా రోజులు వదల్లేదు. మేము చెప్పిన సలహాల్లో తప్పుడు సలహా ఒక్కటీ లేదు. అయినా పిల్లవాడి చేతిలో బంతి లేకుండా చేశాం. వేగం ఉండి అదుపు లేని కుర్రవాడిని ఏం చేయాలన్న ప్రశ్నకు వందేళ్లకు పైగా జవాబు వెతుకుతున్న ఆట ఒకటుంది. అది అమెరికావాళ్ల బేస్‌బాల్. మా కోర్సులో భాగంగా ఆ ఆట గురించి చదివింది, ఆ తమ్ముడిని తలచుకుంటూ మళ్లీ చదివింది ఈ వార్షికోత్సవ సంచికలో మీతో పంచుకుంటున్నాం.

ముందుగా ఆట గురించి రెండు మాటలు

బేస్‌బాల్‌లో బంతి వేసేవాడిని పిచ్చర్ అంటారు. మన బౌలర్ లాంటివాడే. అయితే బంతి నేల మీద పడి లేవకూడదు. మోచేయి వంచి విసరవచ్చు. పరుగెత్తుకుంటూ రాకూడదు. కాస్త ఎత్తుగా కట్టిన మట్టిదిబ్బ మీద ఒక రబ్బరు పలకకు పాదం ఆనించి, అక్కడి నుంచే విసరాలి. ఆ పలక నుంచి బ్యాట్స్‌మన్ దగ్గరున్న హోమ్ ప్లేట్‌కు దూరం 60 అడుగుల 6 అంగుళాలు, అంటే 18.44 మీటర్లు. మన క్రికెట్ పిచ్ 20.12 మీటర్లు. బంతి బరువు 142 నుంచి 149 గ్రాములు, క్రికెట్ బంతి కంటే కొంచెం తక్కువ.

హోమ్ ప్లేట్ వెడల్పు 17 అంగుళాలు. ఆ వెడల్పులో, బ్యాట్స్‌మన్ మోకాలి కింది నుంచి ఛాతీ మధ్య వరకు గాలిలో ఒక కిటికీ ఉందనుకోండి. దాన్ని స్ట్రయిక్ జోన్ అంటారు. బంతి ఆ కిటికీలోంచి పోతే స్ట్రయిక్. పక్కకు పోయిన బంతిని బ్యాట్స్‌మన్ కొట్టకుండా వదిలేస్తే దాన్ని 'బాల్' అంటారు. మూడు స్ట్రయిక్‌లు పడితే బ్యాట్స్‌మన్ అవుట్. నాలుగు 'బాల్'లు పడితే అతను బ్యాట్ ఊపకుండానే మొదటి బేస్‌కు నడుచుకుంటూ వెళ్తాడు. దీనిని 'వాక్' అంటారు. పిచ్చర్‌కు అదుపు ఉందో లేదో చెప్పే లెక్క ఈ వాక్‌ల సంఖ్యే. మూడు అవుట్‌లకు ఒక ఇన్నింగ్స్ ముగుస్తుంది. మ్యాచ్‌లో ఒక్కో జట్టుకు తొమ్మిది ఇన్నింగ్స్‌లు ఉంటాయి. ఈ మూడు మాటలు గుర్తుంటే మిగిలిన వ్యాసమంతా అర్థమవుతుంది.

ఒక్క డిగ్రీ ఖరీదు

"అంత గట్టిగా వేసేవాడు కొంచెం చూసి వెయ్యలేడా?" అని అందరూ అడుగుతారు. ఎందుకు వెయ్యలేడో పదో తరగతి త్రికోణమితితో లెక్క కట్టవచ్చు.

పిచ్చర్ ఒక పెద్ద అడుగు ముందుకు వేసి విసురుతాడు కాబట్టి బంతి చేతిని వదిలేసరికి ప్లేట్‌కు సుమారు 55 అడుగుల దూరంలో ఉంటుంది. వదిలేటప్పుడు దిశ ఒక్క డిగ్రీ తప్పిందనుకుందాం. టాన్ 1 డిగ్రీ విలువ 0.0175. దాన్ని 55తో గుణిస్తే 0.96 అడుగులు, అంటే దాదాపు పదకొండున్నర అంగుళాలు. ప్లేట్ మధ్య నుంచి అంచుకు ఉన్నది ఎనిమిదిన్నర అంగుళాలే. కాబట్టి సరిగ్గా మధ్యకు గురిపెట్టినా, ఒక్క డిగ్రీ పక్కకు పోతే బంతి కిటికీ బయట పడుతుంది.

ఇక సమయం సంగతి. మంచి పిచ్చర్ విసిరేటప్పుడు భుజం తిరిగే వేగం సెకనుకు సుమారు 7,000 డిగ్రీలని కొలిచారు. మనిషి శరీరంలో అంతకంటే వేగంగా జరిగే కదలికలు చాలా అరుదు. అంత వేగంలో వేళ్లు బంతిని వదలడం సెకనులో వెయ్యో వంతు ముందు వెనకలైనా బంతి దారి మారిపోతుంది. ముందు వదిలితే పైకి పోతుంది, ఆలస్యమైతే నేలకు కొడుతుంది. ఈ లెక్క చూశాక మాకు కొత్త కుర్రవాడు తప్పు వేయడం వింత అనిపించలేదు. ఎవరైనా సరిగ్గా వేయగలగడమే వింత అనిపించింది.

అంత చిన్న క్షణాన్ని "జాగ్రత్త, జాగ్రత్త" అనుకుంటూ బుద్ధితో పట్టుకోలేం. పాదం నుంచి వేలి కొన వరకు కదలిక ప్రతిసారీ ఒకేలా జరిగితే ఆ క్షణం తనంతట తానే కుదురుతుంది. కాబట్టి అదుపు అంటే ఒకే కదలికను మళ్లీ మళ్లీ ఒకేలా చేయగలగడం. చేతి బలం దానికి సరిపోదు.

సీటు దొరికింది, ఆట దొరకలేదు

శాండీ కోఫాక్స్ 1935లో న్యూయార్క్ నగరంలోని బ్రూక్లిన్‌లో పుట్టాడు. స్కూల్లో అతను పేరు తెచ్చుకున్నది బాస్కెట్‌బాల్‌లో. పిచ్చర్‌గా చాలా తక్కువ మ్యాచ్‌లు ఆడాడు. అయినా అతని ఎడమచేతి వేగం చూసి 1954 డిసెంబర్‌లో బ్రూక్లిన్ డాడ్జర్స్ జట్టు 14,000 డాలర్ల బోనస్ ఇచ్చి తీసుకుంది. అప్పటికి అతనికి ఇంకా పందొమ్మిదేళ్లు నిండలేదు.

అసలు కష్టం అక్కడే మొదలైంది. అమెరికాలో కొత్త కుర్రవాళ్లను ముందు మైనర్ లీగ్‌లకు పంపుతారు. అవి మెట్ల లాంటివి. కింది మెట్టు మీద తప్పులు చేస్తూ నేర్చుకుని పైకి వస్తారు. కానీ ఆ రోజుల్లో ఒక నిబంధన ఉండేది. 4,000 డాలర్లకు మించి బోనస్ తీసుకున్నవాడు మొదటి రెండేళ్లు పెద్ద జట్టులోనే ఉండాలి. కింది మెట్టుకు పంపడానికి వీల్లేదు. పెద్ద జట్టుకేమో ప్రతి మ్యాచ్ గెలవాలి. అదుపు లేనివాడి చేతికి బంతి ఎవరిస్తారు? 1955లో కోఫాక్స్ వేసింది 42 ఇన్నింగ్స్‌లు కూడా లేవు. 1956లో 59 కూడా లేవు. మిగతా కాలమంతా బెంచీ మీద కూర్చున్నాడు.

ఈ భాగం చదివినప్పుడు మాకు మా డిగ్రీ మొదటి సంవత్సరం గుర్తొచ్చింది. మా ఇళ్లలో కాలేజీ గడప తొక్కిన మొదటివాళ్లం మేము. సీటు వచ్చినప్పుడు ఊళ్లో అందరికీ స్వీట్లు పంచాం. తీరా క్లాసులో కూర్చుంటే పాఠమంతా ఇంగ్లీషులో సాగిపోయేది. ఆపి అడిగే ధైర్యం మాకు లేదు, ఆగి చెప్పే తీరిక చెప్పేవారికి లేదు. మాతో పాటు ఈ హాస్టల్‌లోనే పదో తరగతి వరకు చదివిన మా మిత్రుడు, లెక్కల్లో మా అందరికంటే చురుకైనవాడు, మొదటి ఏడాది పరీక్షలు కాగానే ట్రంకు పెట్టె మోసుకుని ఊరికి వెళ్లిపోయాడు. మళ్లీ రాలేదు. అతనికి తెలివి లేదని మాలో ఎవరమూ అనుకోలేదు. కింది మెట్టు ఎక్కనివ్వకుండా పై మెట్టు మీద నిలబెడితే ఎవరైనా తూలతారు.

కోఫాక్స్ కూడా తూలాడు. 1958లో దాదాపు 159 ఇన్నింగ్స్‌లలో 105 వాక్‌లు ఇచ్చాడు. 1960లో 175 ఇన్నింగ్స్‌లలో 100. మొదటి ఆరేళ్లలో అతని గెలుపులు 36, ఓటములు 40. 1960 సీజన్ ఆఖరున విసిగిపోయి తన ఆట సామాను చెత్తలో పడేసి ఇంటికి వెళ్లాడు. క్లబ్‌హౌస్ చూసుకునే నోబ్ కవానో అనే ఆయన దాన్ని తీసి దాచిపెట్టాడు. వచ్చే ఏడు మళ్లీ వస్తాడేమోనని.

వచ్చాడు. 1961 వసంతంలో ఫ్లోరిడాలో సన్నాహక మ్యాచ్ ఒకటి జరిగింది. కోఫాక్స్ మొదటి ముగ్గురికీ వాక్‌లు ఇచ్చాడు. కోపంతో ఇంకా గట్టిగా విసరబోతుంటే క్యాచర్ నార్మ్ షెర్రీ దగ్గరికి వెళ్లాడు. షెర్రీ పెద్ద కోచ్ కాదు, తోటి ఆటగాడు. అతను చెప్పిందల్లా ఒక్కటే: కొంచెం బలం తగ్గించు, బంతి ప్లేట్ మీదికి రానివ్వు, కొడితే కొట్టనివ్వు. కోఫాక్స్ బలం తగ్గించి వేశాడు. తర్వాతి ముగ్గురూ అవుట్. ఆ రోజు ఏడు ఇన్నింగ్స్‌లు వేసి ఒక్క హిట్ కూడా ఇవ్వలేదు. తగ్గించానని తను అనుకున్నా బంతి వేగం పెద్దగా తగ్గలేదు. పిడికిలి సడలింది, భుజం బిగుతు తగ్గింది, కదలిక ఒకేలా రావడం మొదలైంది. అదే రోజుల్లో మరో లోపం కూడా బయటపడింది. బంతి విసరబోయే ముందు అతను మరీ వెనక్కి వాలేవాడు, దాంతో గురి చూసే చూపే తప్పిపోయేది. దాన్నీ సరిచేశారు.

ఫలితం అంకెల్లో చూడండి. 1961లో 18 గెలుపులు. 1963లో 311 ఇన్నింగ్స్‌లలో 306 మందిని స్ట్రయిక్ అవుట్ చేసి ఇచ్చిన వాక్‌లు 58 మాత్రమే. 1960లో తొమ్మిది ఇన్నింగ్స్‌లకు సగటున అయిదు వాక్‌లిచ్చినవాడు మూడేళ్లకు రెండు కూడా ఇవ్వలేదు. చివరి ఆరేళ్లలో 129 గెలుపులు, 47 ఓటములు. 1972లో 36 ఏళ్లకే హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేరాడు. అంత చిన్న వయసులో చేరినవారు అప్పటికి లేరు.

ఆలస్యంగా అందిన ఒక్క మాట

అందరి కథా ఇలా ముగియదు. స్టీవ్ డల్కౌస్కీ 1957లో బాల్టిమోర్ ఓరియోల్స్ సంస్థలో చేరాడు. సన్నగా, కళ్లజోడుతో ఉండేవాడు. అతనంత వేగంగా బంతి విసిరినవాడిని చూడలేదని ఆ కాలపు ఆటగాళ్లు ఎందరో చెప్పారు. మొదటి ఏడాది కింగ్స్‌పోర్ట్ అనే ఊళ్లో మైనర్ లీగ్ ఆడాడు. 62 ఇన్నింగ్స్‌లలో 121 స్ట్రయిక్ అవుట్లు, 129 వాక్‌లు. 1960లో స్టాక్టన్ జట్టుకు 170 ఇన్నింగ్స్‌లలో 262 స్ట్రయిక్ అవుట్లు, 262 వాక్‌లు. రెండు అంకెలూ సమానం! 1958లో సైన్యం దగ్గరున్న యంత్రంతో అతని వేగం కొలవడానికి తీసుకెళ్లారు. బంతి యంత్రం కొలిచే చోటు గుండా పోవాలి. అలా పోవడానికే చాలాసేపు పట్టింది. అప్పటికి చెయ్యి అలసిపోయింది.

అతన్ని ఎవరూ పట్టించుకోలేదని అనలేం. పట్టించుకున్నవాళ్లు మరీ ఎక్కువయ్యారు. ఒక కోచ్ చెక్క చట్రం పెట్టి దానిలోంచి విసరమన్నాడు. ప్లేట్‌కు అటూ ఇటూ ఇద్దరు బ్యాట్స్‌మన్‌లను నిలబెట్టి మధ్యలోంచి వేయమన్నారు. మ్యాచ్‌కు ముందే అలిసేదాకా వేయించారు, అలిస్తే వేగం తగ్గి గురి కుదురుతుందని. ఊరు మారినప్పుడల్లా కొత్త గురువు, కొత్త చిట్కా.

1962లో ఎల్మైరా జట్టులో ఎర్ల్ వీవర్ అనే మేనేజర్ దొరికాడు. ఆ తర్వాతి కాలంలో పెద్ద పేరు తెచ్చుకున్నాడాయన. వీవర్ పనులు పెంచలేదు, తగ్గించాడు. రెండే రకాల బంతులు వెయ్యి, గురి ప్లేట్ మధ్యలో పెట్టు, అంతే. ఆ ఏడాది డల్కౌస్కీ 160 ఇన్నింగ్స్‌లలో ఇచ్చింది 114 వాక్‌లు. తన జీవితంలో వాక్‌లు ఇన్నింగ్స్‌ల కంటే తక్కువగా రావడం అదే మొదలు. మరుసటి వసంతంలో పెద్ద జట్టులో చోటు దాదాపు ఖాయమైంది. సరిగ్గా అప్పుడే, 1963 మార్చిలో, ఒక సన్నాహక మ్యాచ్‌లో మోచేయి దెబ్బతింది. వేగం మళ్లీ రాలేదు. మేజర్ లీగ్‌లో ఒక్క మ్యాచ్ కూడా ఆడకుండానే అతని ఆట ముగిసింది. తర్వాత ఏళ్ల తరబడి కాలిఫోర్నియా పొలాల్లో కూలి పని చేశాడు. తాగుడుతో ఆరోగ్యం చెడింది. 2020 ఏప్రిల్‌లో కరోనాతో కన్నుమూశాడు.

ఇతని గురించి చదివి మేము చాలాసేపు ఏమీ మాట్లాడుకోలేదు. వీవర్ చెప్పిన మాట 1962లో కాక 1957లోనే ఎవరైనా చెప్పి ఉంటే? ఆ అయిదేళ్లలో ఆ చెయ్యి విసిరిన వేలాది వృథా బంతుల మాటేమిటి?

మడమ దగ్గర దొరికిన రహస్యం

ర్యాండీ జాన్సన్ ఎత్తు 6 అడుగుల 10 అంగుళాలు. అంత పొడుగు చేతులు కాళ్లు ఉన్నవాడికి కదలిక ఒకేలా రావడం మరీ కష్టం. 1990, 1991, 1992లలో వరుసగా మూడేళ్లు తన లీగ్‌లో అందరికంటే ఎక్కువ వాక్‌లు ఇచ్చింది అతనే. 1992లో 144. అప్పటికి అతనికి 28 ఏళ్లు. ఆ వేసవిలో ఎదుటి జట్టుకు చెందిన ప్రసిద్ధ పిచ్చర్ నోలన్ రయాన్, ఆ జట్టు పిచ్చింగ్ కోచ్ టామ్ హౌస్ అతని సాధన చూశారు. విసిరేటప్పుడు ముందు కాలు మడమ మీద పడుతోందని, దాంతో శరీరం ఒక పక్కకు తిరిగిపోతోందని గమనించి, పాదం ముందు భాగం మీద దిగమని చెప్పారు. చెయ్యి సంగతి ఎత్తలేదు. 1993లో జాన్సన్ 255 ఇన్నింగ్స్‌లు వేసి 308 మందిని స్ట్రయిక్ అవుట్ చేశాడు. వాక్‌లు 99కి దిగాయి, గెలుపులు 19కి పెరిగాయి.

చేతిలో కనబడే తప్పుకు మూలం చాలాసార్లు కాలి దగ్గర ఉంటుంది. బంతి పక్కకు పోతే మనం చెయ్యి వంకే చూస్తాం. చూడాల్సింది ముందు కాలు ఎక్కడ, ఎప్పుడు పడుతోందన్నది. 'మొక్కై వంగనిది మానై వంగదు' అని మన పెద్దలు అంటారు. కోఫాక్స్ 25 ఏళ్లకు, జాన్సన్ 29 ఏళ్లకు కుదుటపడ్డారు. ఈ ఒక్క విషయంలో ఆ సామెతను పక్కన పెట్టవచ్చని మేము అనుకుంటున్నాం.

మన దేశం నుంచి వెళ్లిన ఇద్దరు

ఇదే టామ్ హౌస్ పేరు మన దేశపు కుర్రాళ్ల కథలో మళ్లీ కనబడుతుంది. 2008లో 'మిలియన్ డాలర్ ఆర్మ్' అనే పోటీ పెట్టి మన దేశమంతా తిరిగి బంతి విసిరే కుర్రాళ్లను వెతికారు. ఉత్తరప్రదేశ్‌కు చెందిన రింకూ సింగ్, దినేష్ పటేల్ ఎంపికయ్యారు. (ఈ రింకూ సింగ్ వేరు, క్రికెటర్ రింకూ సింగ్ వేరు.) ఇద్దరూ పేద కుటుంబాల పిల్లలు, జావెలిన్ విసిరేవాళ్లు. అప్పటిదాకా బేస్‌బాల్ అంటే ఏమిటో తెలియదు. రింకూ తండ్రి లారీ డ్రైవర్, పిల్లలు తొమ్మిది మంది. అమెరికాలో టామ్ హౌస్ దగ్గర కొన్ని నెలల శిక్షణ పొందాక అదే ఏడాది నవంబర్‌లో పిట్స్‌బర్గ్ పైరేట్స్ సంస్థ ఇద్దరినీ తీసుకుంది. వారిని అట్టడుగు మెట్టు నుంచే ఆడించారు. దినేష్ 2010 తర్వాత ఇంటికి వచ్చేశాడు. రింకూ మైనర్ లీగ్‌లలో కొన్ని మెట్లు ఎక్కాడు గాని గాయాల వల్ల ఆగిపోయి 2018లో రెజ్లింగ్‌కు మారాడు. 2014లో వారి మీద సినిమా వచ్చింది. మేజర్ లీగ్‌కు చేరలేదు కాబట్టి ఓడిపోయారని కొందరంటారు. ఇరవై ఏళ్ల వయసులో మొదటిసారి ఆ బంతి పట్టుకుని, అమెరికాలో జీతం తీసుకుని ఆడేంత అదుపు సంపాదించడం చిన్న విషయమా?

తమ్ముళ్ల కోసం – ఏం చేయాలి?

పై కథల్లోంచి, మా పాఠాల్లోంచి, గ్రౌండ్‌లో మేము చేసిన తప్పుల్లోంచి ఏరిన విషయాలు ఇవి. బేస్‌బాల్‌కు, సాఫ్ట్‌బాల్‌కు, మన క్రికెట్ బౌలింగ్‌కు కూడా చాలావరకు పనికొస్తాయి.

1. దగ్గర నుంచి మొదలుపెట్టండి. పూర్తి దూరంలో సగం నుంచి వేయించాలి. పదింటిలో ఏడు సరిగ్గా పడుతుంటే నాలుగడుగులు వెనక్కి జరపాలి. ముందు ఒకే కదలిక అలవాటు కావాలి, దూరం తర్వాత వస్తుంది.

2. గురి పెద్దదిగా పెట్టండి. అదుపు వేరు, గురి వేరు. కిటికీలోంచి బంతి పంపగలగడం అదుపు. ఆ కిటికీలో కోరిన మూలకు పంపగలగడం గురి. మొదటిది రాకముందే రెండోది అడగకూడదు. క్యాచర్ నడి మధ్యలో కూర్చోవాలి.

3. వారానికి ఒక్క మాట. ముందు కాలి గురించి చెప్పదలచుకుంటే ఆ వారమంతా కాలి గురించే. చెప్పేవారు కూడా ఒక్కరే ఉండాలి. మిగిలినవారు చప్పట్లు కొడితే చాలు.

4. శరీరాన్ని కాదు, లక్ష్యాన్ని చూపించండి. "మోచేయి ఎత్తు" అంటే కుర్రవాడి ధ్యాస మోచేతి మీదికి పోయి సహజమైన కదలిక బిగుసుకుపోతుంది. "కీపర్ గ్లవ్ లోంచి బంతి దూసుకుపోయేలా వెయ్యి" అంటే శరీరం తన దారి తాను వెతుక్కుంటుంది. ఇరవై ఏళ్లకు పైగా జరిగిన పరిశోధనలు చాలావరకు ఇదే చెబుతున్నాయి.

5. బలం కొంచెం దాచుకోమనండి. వేగం పోతుందని భయం వద్దు. బిగుతు తగ్గితే వేగం చాలావరకు అలాగే ఉంటుంది.

6. వంతు తప్పకుండా ఇవ్వండి. ఒక ఓవర్ చెడితే పది రోజులు బంతి ఇవ్వకపోవడం మనమంతా చేసే పని. రేపు మళ్లీ వంతు ఉందని తెలిసినవాడికే ఈ రోజు చెయ్యి సడలుతుంది.

7. లెక్క రాయండి. నోటుపుస్తకంలో వేసిన బంతులు, సరిగ్గా పడినవి రాసుకోవాలి. మేజర్ లీగ్ పిచ్చర్లు వేసే వంద బంతుల్లో కూడా స్ట్రయిక్‌లు అయ్యేవి సుమారు 60 నుంచి 65. అంత గొప్పవాళ్లే మూడో వంతు బయట వేస్తుంటే, తొమ్మిదో తరగతి పిల్లవాడు ఆరింటిలో నాలుగు బయట వేశాడని నవ్వడం ఏం న్యాయం?

8. చేతిని కాపాడండి. ఇది అన్నిటికంటే ముఖ్యం. అదుపు కోసం రోజుకు వందల బంతులు వేయిస్తే అదుపు రాకముందే చెయ్యి పోతుంది. అమెరికాలో 2014 నుంచి 'పిచ్ స్మార్ట్' అనే సూచనలున్నాయి. వాటి ప్రకారం 13, 14 ఏళ్ల పిల్లలు ఒక రోజు మ్యాచ్‌లో 95 పిచ్‌లకు, 17, 18 ఏళ్లవారు 105కు మించకూడదు. ఎక్కువ వేసినవారికి మళ్లీ వేసే ముందు రోజుల లెక్కన విశ్రాంతి ఇవ్వాలి. మోచేయి లోపలి వైపు నొప్పి ఉంటే ఓర్చుకుని వేయడం వీరత్వం కాదు. వార్డెన్ సార్‌కు చెప్పి డాక్టర్‌కు చూపించుకోవాలి. కోఫాక్స్ అంతటివాడు మోచేతి కీళ్లనొప్పితో 30 ఏళ్లకే, 1966లో, ఆట మానేయాల్సి వచ్చింది.

ఇన్ని చేసినా అందరూ కోఫాక్స్‌లు కారు. అదుపు పూర్తిగా రానివాళ్లూ ఉంటారు. నోలన్ రయాన్ 5,714 స్ట్రయిక్ అవుట్లతో చరిత్రలో మొదటి స్థానంలో ఉన్నాడు. 2,795 వాక్‌లతో ఆ జాబితాలోనూ మొదటి స్థానం అతనిదే. 27 ఏళ్లు ఆడినవాడికి మంచీ చెడూ రెండూ అన్ని పోగయ్యాయి. అన్నేళ్లు అతని చేతికి బంతి ఇస్తూ వచ్చారన్నది అసలు సంగతి.

చివరగా

ఉగాది సెలవుల్లో మేము మళ్లీ హాస్టల్‌కు వచ్చాం. ఆ తమ్ముడిని పిలిచి ముందు తప్పు ఒప్పుకున్నాం. "అన్నా, మీరు చెప్పింది ఏదీ గుర్తు లేదు. అందరూ ఒకేసారి అరవడం మాత్రం గుర్తుంది" అన్నాడు. మాకు మాట రాలేదు.

వికెట్ల వెనక ఒక ఇటుక నిలబెట్టాం. పిచ్‌లో సగం దూరం నుంచి, పరుగెత్తకుండా, ఆ ఇటుకనే చూస్తూ వెయ్యమన్నాం. ఇంకేమీ చెప్పలేదు. చెప్పాలని నోరు ఎంత దురద పెట్టినా చెప్పలేదు. ఇరవై బంతులు, అంతే. మొదటి రోజు వికెట్ల మీదికి వచ్చినవి అయిదు. లెక్క అతని నోటుపుస్తకంలోనే రాయించాం. మేము తిరిగి యూనివర్సిటీకి వెళ్లాక కూడా పదో తరగతి అన్న ఒకరు పక్కన నిలబడి రోజూ రాయిస్తున్నాడు. ఈ వ్యాసం రాసేనాటికి వచ్చిన లెక్క, ఇరవైకి తొమ్మిది.

పదకొండు ఇంకా పక్కకే పోతున్నాయి. కానీ బంతి మాత్రం అతని చేతిలోనే ఉంది. పూర్వ విద్యార్థులైన అన్నలకు, అక్కలకు మా విన్నపం ఒక్కటే. ఈ వార్షికోత్సవానికి వచ్చినప్పుడు ఒక్కొక్కరు ఒక్క తమ్ముడిని, ఒక్క చెల్లెలిని ఎంచుకోండి. ఆటలోనైనా, ఇంగ్లీషులోనైనా, లెక్కల్లోనైనా. ఒక్క మాట చెప్పండి. తర్వాత ఏడాది పొడుగునా ఆ లెక్క అడుగుతూ ఉండండి.